సూక్ష్మజీవి తయారుచేసిన పెప్టైడ్‌లో అసాధారణ అమైనో ఆమ్లాలను ఎలా గుర్తించాలి

స్ట్రెప్టోమైసిస్ కల్చర్ నుంచో, ఒక శిలీంధ్రం నుంచో, సయనోబాక్టీరియా నుంచో మీరు ఒక పెప్టైడ్‌ను శుద్ధి చేసి, కొన్ని మిల్లీగ్రాముల పొడిగా సీసాలో పెట్టుకున్నారనుకుందాం. అందులో ఏయే అమైనో ఆమ్లాలు ఉన్నాయో, వాటిలో ఏది ఎల్-రూపంలో ఉందో, ఏది దాని దర్పణ ప్రతిబింబమైన డి-రూపంలో ఉందో తేల్చడం ఇప్పుడు మీ పని. అది ప్రోటీన్ అయితే 20 పేర్ల జాబితా చాలు; అరుదైన సెలినోసిస్టీన్‌ను, పైరోలైసిన్‌ను కలుపుకొన్నా 22 దాటదు. కానీ సూక్ష్మజీవులు రైబోజోమ్ ప్రమేయం లేకుండా, నాన్‌రైబోజోమల్ పెప్టైడ్ సింథటేజ్‌లు అనే భారీ ఎంజైమ్‌ల మీద కూర్చే పెప్టైడ్‌లకు ఆ హద్దు లేదు. అటువంటి పెప్టైడ్‌లను నమోదు చేసే నోరిన్ డేటాబేస్‌లో 500కు పైగా నిర్మాణ భాగాలు కనిపిస్తాయి. వాంకోమైసిన్‌లో హైడ్రాక్సీఫినైల్‌గ్లైసిన్, పాలిమిక్సిన్‌లో డైఅమైనోబ్యుటిరిక్ ఆమ్లం, అలామెథిసిన్‌లో అమైనోఐసోబ్యుటిరిక్ ఆమ్లం, సైక్లోస్పోరిన్‌లో నత్రజని మీద మిథైల్ గుంపును మోసే ల్యూసిన్, వాలిన్‌లు ఇందుకు పేరుపొందిన ఉదాహరణలు.

ఈ పనికి ఏ ఒక్క పద్ధతీ చాలదు. అణువుల ద్రవ్యరాశిని కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌కు ఎల్, డి రూపాల తేడా తెలియదు. ఆమ్లంతో విడగొట్టే జలవిశ్లేషణ సున్నితమైన భాగాలను నాశనం చేస్తుంది. జన్యుక్రమం ఒక అంచనాను ఇస్తుందే తప్ప రుజువును ఇవ్వదు. అందువల్ల పద్ధతులను ఏ వరుసలో వాడతారన్నదే ఫలితాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది. అణువు చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు తెలుసుకోగలిగినదంతా ముందుగా తెలుసుకొని, ఆ తరువాతే దానిని విడగొట్టండి. ఎందుకంటే జలవిశ్లేషణ తరువాత మీకు కనిపించేది అణువులో మొదట ఉన్నది కాదు, ఆమ్లాన్ని తట్టుకొని మిగిలినది మాత్రమే.

మొదటి దశ: నమూనాను పంచుకోవడం

అయస్కాంత క్షేత్రంలో హైడ్రోజన్, కార్బన్ అణువుల స్థానాలను చూపే ఎన్‌ఎంఆర్ నమూనాను పాడుచేయదు కనుక దానిని ముందు పెట్టుకొని, ద్రావణిని ఆవిరి చేసి, తిరిగి వచ్చిన పదార్థాన్నే తరువాతి దశలకు వాడుకోండి. ఎల్, డి రూపాలను తేల్చే మార్ఫీ విశ్లేషణకు (ఆరవ దశ) కొన్ని పదుల మైక్రోగ్రాములు కూడా సరిపోతాయి. అయినా రెండవసారి చేయవలసి వస్తే పనికివచ్చేలా కొంత భాగాన్ని ముందే వేరుగా దాచండి. పదార్థం ఏమిటో తెలియనంతవరకు దానిని విషపదార్థంగానే చూడండి. మైక్రోసిస్టిన్ వంటి సయనోబాక్టీరియా పెప్టైడ్‌లు కాలేయాన్ని తీవ్రంగా దెబ్బతీస్తాయి; తాగునీటిలో మైక్రోసిస్టిన్-ఎల్‌ఆర్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన మార్గదర్శక విలువ లీటరుకు 1 మైక్రోగ్రాము మాత్రమే.

రెండవ దశ: కచ్చితమైన ద్రవ్యరాశిని, ఐసోటోప్‌ల ఆకృతిని చూడడం

అధిక విభేదనతో ద్రవ్యరాశిని కొలిచి, దానికి సరిపడే అణుఫార్ములాను రాసుకోండి. ఐసోటోప్ శిఖరాలను నిర్లక్ష్యం చేయకండి: రెండు యూనిట్ల ఎడంలో దాదాపు 3:1 నిష్పత్తి కనిపిస్తే ఒక క్లోరిన్, 1:1 కనిపిస్తే ఒక బ్రోమిన్, వాంకోమైసిన్‌లో వలె 9:6:1కి దగ్గరగా ఉంటే రెండు క్లోరిన్‌లు ఉన్నాయని అనుమానించాలి. క్లోరిన్ ఉన్నదంటే హాలోజెన్‌ను చేర్చే ఎంజైమ్ కూడా ఉండాలి కనుక జన్యుసముదాయంలో, అంటే ఆ పెప్టైడ్‌ను తయారుచేసే జన్యువుల గుంపులో, వెతకడానికి అప్పుడే ఒక ఆనవాలు దొరికినట్లే.

ఇక్కడే చేయదగిన చిన్న ప్రయోగం ఒకటి ఉంది. దానిని చాలామంది వదిలేస్తారు. పెప్టైడ్‌ను డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) ఉన్న మిథనాల్‌లో కరిగించి మళ్ళీ ద్రవ్యరాశిని కొలిస్తే, నత్రజని మీద, ఆక్సిజన్ మీద ఉన్న హైడ్రోజన్‌లు ఎన్ని మార్పిడి చెందాయో లెక్కకు వస్తుంది. సైక్లోస్పోరిన్-ఎ లో 11 అమైనో ఆమ్లాలు ఉన్నా మార్పిడి చెందగల హైడ్రోజన్‌లు అయిదే, అంటే నాలుగు అమైడ్‌లవి, ఒకటి హైడ్రాక్సిల్‌ది. మిగిలిన ఏడు నత్రజనుల మీద మిథైల్ గుంపులు ఉండడమే ఇందుకు కారణం. అమైనో ఆమ్లాల సంఖ్యకు, మార్పిడి సంఖ్యకు మధ్య ఇంత దూరం కనిపించినప్పుడు నత్రజని మీది మిథైల్‌ను, ప్రోలిన్ వంటి వలయాలను, అమైడ్‌కు బదులు వచ్చిన ఎస్టర్ బంధాలను వెతకాలి.

మూడవ దశ: శకలాల నుంచి ద్రవ్యరాశుల పట్టిక

గొలుసులో చేరినప్పుడు నీటి అణువు పోగా మిగిలే అమైనో ఆమ్ల భాగాన్ని రెసిడ్యూ అంటారు. మాస్ స్పెక్ట్రోమీటర్‌లో అణువును ముక్కలు చేసినప్పుడు వచ్చే శకలీకరణ వర్ణపటంలో పక్కపక్క శిఖరాల మధ్య తేడా ఆ రెసిడ్యూ ద్రవ్యరాశిని చూపుతుంది. పెప్టైడ్ వలయాకారంలో ఉంటే అది ఒకేచోట కాకుండా అనేక చోట్ల తెరుచుకొని, శకలాల శ్రేణులు ఒకదానిమీద ఒకటి పడతాయి. అలాంటప్పుడు ఒక శకలాన్ని మళ్ళీ విడగొట్టే బహుదశ శకలీకరణ సాయపడుతుంది. వలయాన్ని మూసే ఎస్టర్ బంధం ఉంటే తేలికపాటి క్షారంతో దానిని తెంచి, ద్రవ్యరాశి 18 పెరిగిందో లేదో చూసి, ఆ తరువాత క్రమాన్ని చదవడం ఇంకా సులువు.

ఈ దశలో మీరు రాసుకోవలసింది ద్రవ్యరాశిని మాత్రమే, పేరును కాదు. ఒకే ద్రవ్యరాశికి ఎంతమంది హక్కుదారులు ఉంటారో ఈ కింది విలువలు చూస్తే తెలుస్తుంది.

85.0528 అనే తేడా అమైనోఐసోబ్యుటిరిక్ ఆమ్లానిది కావచ్చు, 2-అమైనోబ్యుటిరిక్ ఆమ్లానిది కావచ్చు, నత్రజని మీద మిథైల్ ఉన్న అలనిన్‌ది కావచ్చు. 113.0841 అంటే ల్యూసిన్, ఐసోల్యూసిన్, అల్లో-ఐసోల్యూసిన్, ఎన్-మిథైల్‌వాలిన్‌లలో ఏదైనా కావచ్చు. దానికి అతి దగ్గరగా ఉండే 113.0477 హైడ్రాక్సీప్రోలిన్‌ది. 71.0371 ను అలనిన్, బీటా-అలనిన్, సార్కోసిన్ పంచుకుంటాయి. 83.0371 దగ్గర డీహైడ్రోబ్యుటిరిన్, ఎన్-మిథైల్‌డీహైడ్రోఅలనిన్ రెండూ నిలబడతాయి. ఇది కాగితం మీది చిక్కు కాదు, మైక్రోసిస్టిన్ కుటుంబంలో ఈ రెండు రకాల సభ్యులూ నిజంగానే ఉన్నాయి. ఆర్నిథిన్ 114.0793, ఆస్పరజిన్ 114.0429 కనుక మంచి విభేదన ఉంటే ఆ రెండింటినీ వేరు చేయవచ్చు. కానీ పక్కపక్కనే ఉన్న రెండు గ్లైసిన్‌ల మొత్తం కూడా సరిగ్గా 114.0429 అవుతుందని గుర్తుంచుకోవాలి.

తక్కువ ద్రవ్యరాశి ప్రాంతంలో వచ్చే ఇమ్మోనియం అయాన్లు, అంటే ఒక్కొక్క రెసిడ్యూ నుంచి విడిపడే చిన్న శకలాలు, కొంత దారి చూపుతాయి. 100.112 కనిపిస్తే ఎన్-మిథైల్‌ల్యూసిన్ ఉండే అవకాశం బలంగా ఉంటుంది. 70.065 ను చూడగానే ప్రోలిన్ అని రాసేయడం మాత్రం పొరపాటు. ఆర్నిథిన్, ఆర్జినిన్ కూడా అదే శిఖరాన్ని ఇస్తాయి. మైక్రోసిస్టిన్‌లలోని ఆడా అనే పొడవైన బీటా-అమైనో ఆమ్లం 135.08 వద్ద ప్రత్యేకమైన శకలాన్ని ఇస్తుంది కనుక ఆ కుటుంబాన్ని పసిగట్టడానికి అదొక్కటే దాదాపు చాలు.

నాలుగవ దశ: ఎన్‌ఎంఆర్‌తో పేర్లు పెట్టడం

తేమ లేని డ్యుటీరియో డైమిథైల్ సల్ఫాక్సైడ్ చాలా పెప్టైడ్‌లకు అనువైన ద్రావణి, ఎందుకంటే అందులో అమైడ్ హైడ్రోజన్‌లు మార్పిడి చెందకుండా 7 నుంచి 9 పీపీఎమ్ మధ్య కనిపిస్తాయి. ముందుగా ఆల్ఫా స్థానపు, అంటే కార్బొనిల్ పక్కనే ఉన్న కార్బన్ మీది, హైడ్రోజన్‌లను లెక్కించండి. అవి సాధారణంగా 3.5 నుంచి 5.5 మధ్య ఉంటాయి. ఆపైన 165 నుంచి 175 మధ్యనున్న కార్బొనిల్ కార్బన్‌లను లెక్కించండి. పక్కగొలుసుల్లోని కార్బొనిల్‌లను మినహాయించాక కూడా కార్బొనిల్‌లు ఎక్కువగా, ఆల్ఫా హైడ్రోజన్‌లు తక్కువగా ఉన్నాయంటే, ఆ తేడాకు మూడు కారణాల్లో ఒకటి ఉండవచ్చు: ఆల్ఫా స్థానంలో రెండు కార్బన్ గుంపులు ఉన్న అమైనోఐసోబ్యుటిరిక్ ఆమ్లం వంటిది ఉండడం, డీహైడ్రో అమైనో ఆమ్లం ఉండడం, లేదా పెప్టైడ్‌కు ఒక కొవ్వు ఆమ్లం తగిలి ఉండడం.

తరువాత టాక్సీ (TOCSY) అనే ఎన్‌ఎంఆర్ ప్రయోగంతో ఒక్కొక్క అమైనో ఆమ్లపు స్పిన్ వ్యవస్థను, అంటే అమైడ్ నుంచి పక్కగొలుసు చివరి వరకు గొలుసుకట్టుగా కలిసివచ్చే హైడ్రోజన్‌లను, విడదీయండి. హెచ్‌ఎస్‌క్యూసీ అనే మరో ఎన్‌ఎంఆర్ ప్రయోగంతో వాటి కార్బన్‌లను జతపరచండి. హెచ్‌ఎమ్‌బీసీ, రోసీ (ROESY) అనే ప్రయోగాల్లో కనిపించే సంబంధాలతో ఒక రెసిడ్యూను తరువాతి దానికి కలపండి. 2.7 నుంచి 3.2 మధ్య మూడు హైడ్రోజన్‌ల ఒంటరి శిఖరం ఉండి, అది హెచ్‌ఎమ్‌బీసీలో ఒకవైపు ఆల్ఫా కార్బన్‌తో, మరొకవైపు ముందున్న రెసిడ్యూ కార్బొనిల్‌తో సంబంధం చూపితే అది నత్రజని మీది మిథైలే. ఇటువంటి పెప్టైడ్‌లలో అమైడ్ బంధం సిస్, ట్రాన్స్ రూపాల మధ్య నెమ్మదిగా మారుతూ ఉండడం వల్ల ప్రతి శిఖరమూ రెండుగా చీలి కనిపించవచ్చు. దానిని అశుద్ధి అనుకొని మళ్ళీ శుద్ధికి కూర్చోకముందు ఉష్ణోగ్రతను పెంచి చూడండి. శిఖరాలు కలిసిపోతే అది రూపమార్పే.

అయిదవ దశ: జలవిశ్లేషణ

సంప్రదాయ పద్ధతి సరళమైనదే. పెప్టైడ్‌ను 6 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేసి, గాలిని తీసివేసిన మూత బిగించిన గాజు గొట్టంలో, 110 డిగ్రీల సెల్సియస్ వద్ద 16 నుంచి 24 గంటలు ఉంచి, తరువాత ఆమ్లాన్ని పూర్తిగా ఆవిరి చేయాలి. వేడి ఆమ్లం ఒత్తిడితో మూసిన గాజులో ఉంటుంది కనుక కవచం లేకుండా, ఫ్యూమ్ హుడ్ బయట ఈ పని చేయరాదు.

అసలు జాగ్రత్త ఫలితాన్ని చదవడంలో ఉంది. ట్రిప్టోఫాన్ దాదాపు పూర్తిగా నశిస్తుంది. ఆస్పరజిన్, గ్లుటమిన్‌లు ఆస్పార్టిక్, గ్లుటామిక్ ఆమ్లాలుగా మారి వస్తాయి కనుక అవి మొదట ఏ రూపంలో ఉన్నాయో ఈ దశ చెప్పలేదు. ఆ సంగతిని మూడవ దశ పట్టికే చెప్పాలి. సెరిన్, థ్రియోనిన్‌లు కొంత తగ్గుతాయి; బీటా స్థానంలో హైడ్రాక్సిల్ ఉన్న అసాధారణ అమైనో ఆమ్లాలు అంతకంటే ఎక్కువగా దెబ్బతినవచ్చు. డీహైడ్రోఅలనిన్ పైరూవిక్ ఆమ్లంగా మారి అమైనో ఆమ్లాల జాబితా నుంచే మాయమవుతుంది. దీనికి విరుగుడుగా జలవిశ్లేషణకు ముందే ద్విబంధానికి హైడ్రోజన్‌ను చేర్చి అలనిన్‌గా మార్చుకొని, ఆ అదనపు అలనిన్ ఎక్కడిదో లెక్క రాసుకోవచ్చు. థయజోల్ వలయాలు ఉంటే ముందుగా ఓజోన్‌తో చర్య జరిపి ఆ వలయాన్ని విడగొట్టడం మంచిది, లేకపోతే దాని పక్కనున్న ఆల్ఫా కేంద్రం విన్యాసం, అంటే ఎల్ లేదా డి రూపం, జలవిశ్లేషణలో చెదిరిపోతుంది. అమైనోఐసోబ్యుటిరిక్ ఆమ్లాలు, వాలిన్‌లు పక్కపక్కనే ఉన్నచోట బంధాలు మొండిగా నిలుస్తాయి; అక్కడ సమయాన్ని పెంచక తప్పదు, పెంచితే సున్నితమైనవి మరింతగా పోతాయి. అందుకే ఒకే గొట్టంతో సరిపెట్టకుండా, 6 గంటలకు ఒకటి, 24 గంటలకు ఒకటి, 48 గంటలకు ఒకటి తీసి మూడింటినీ పోల్చడాన్నే నేను సిఫారసు చేస్తాను.

ఫినైల్‌గ్లైసిన్ వర్గంలో ఆల్ఫా హైడ్రోజన్ చాలా వదులుగా ఉంటుంది కనుక వాటి విన్యాసం జలవిశ్లేషణలోనే తారుమారవుతుంది. ఎంత భాగం తారుమారైందో తెలుసుకోవడానికి ఒక చక్కని ఉపాయం ఉంది: సాధారణ ఆమ్లానికి బదులు భారజలంలోని డ్యుటీరియం క్లోరైడ్‌తో జలవిశ్లేషణ జరపండి. విన్యాసం మారిన ప్రతి అణువూ ఆల్ఫా స్థానంలో ఒక డ్యుటీరియంను తెచ్చుకొని ఒక యూనిట్ బరువెక్కుతుంది. బరువెక్కని అణువుల ఎల్, డి నిష్పత్తే మీకు కావలసిన అసలు నిష్పత్తి.

ఆరవ దశ: ఎల్, డి రూపాలను తేల్చడం

1984లో పీటర్ మార్ఫీ ప్రతిపాదించిన కారకం నేటికీ ఈ పనిలో ముందుంటుంది. క్లుప్తంగా ఎఫ్‌డీఏఏ అని పిలిచే ఆ కారకంలో ఎల్-అలనిన్ అమైడ్ ఉంటుంది. అది అమైనో ఆమ్లంతో కలిసినప్పుడు ఎల్, డి రూపాలు ఇక దర్పణ ప్రతిబింబాలుగా ఉండవు కనుక క్రోమటోగ్రఫీలో వాడే సాధారణ సి18 కాలమ్ మీదే వేరుపడతాయి. మార్ఫీ పద్ధతిలో 5 మైక్రోమోల్‌ల అమైనో ఆమ్లాన్ని 100 మైక్రోలీటర్ల నీటిలో తీసుకొని, ఎసిటోన్‌లో 1 శాతం కారకాన్ని 200 మైక్రోలీటర్లు, 1 మోలార్ సోడియం బైకార్బొనేట్‌ను 40 మైక్రోలీటర్లు కలిపి, 40 డిగ్రీల వద్ద ఒక గంట ఉంచి, చివర 2 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 20 మైక్రోలీటర్లతో చర్యను ఆపుతారు. మీ నమూనా దీనికంటే ఎంతో తక్కువ ఉంటుంది కనుక పరిమాణాలను అదే నిష్పత్తిలో తగ్గించి, కారకాన్ని మాత్రం కొంచెం ఎక్కువగానే ఉంచండి. గొట్టాన్ని వెలుతురు తగలకుండా కప్పండి. శిఖరాలను 340 నానోమీటర్ల వద్ద చూడవచ్చు. మాస్ స్పెక్ట్రోమీటర్ జతచేస్తే ప్రతి అమైనో ఆమ్లం 252 యూనిట్లు పెరిగి కనిపిస్తుంది. ఆర్నిథిన్, లైసిన్, డైఅమైనోబ్యుటిరిక్ ఆమ్లాలకు రెండు అమైనో గుంపులు ఉండడం వల్ల రెండు చోట్లా కారకం తగిలిన ఉత్పన్నం వస్తుంది. కారకం చాలకపోతే ఒకచోటే తగిలినవి కూడా కలిసి వచ్చి మిమ్మల్ని గందరగోళపరుస్తాయి.

సాధారణంగా ఎల్-రూపం ముందు, డి-రూపం తరువాత బయటికి వస్తుంది. ఇది నియమం కాదు, వాడుక మాత్రమే. తిరగబడే అమైనో ఆమ్లాలు ఉన్నాయి కనుక ప్రామాణిక నమూనాతో పోల్చకుండా ఈ వరుసను నమ్మకండి. అసాధారణ అమైనో ఆమ్లం ప్రామాణిక నమూనా కొనడానికి దొరకకపోతే ఏమి చేయాలన్నది సహజమైన ప్రశ్న. దానికి సమాధానంగా హరద, ఫుజీ బృందం 1997లో మెరుగుపరచిన మార్ఫీ పద్ధతిని ప్రతిపాదించింది. అందులో అలనిన్ స్థానంలో ల్యూసిన్ ఉన్న కారకాన్ని వాడతారు. ఒక భాగానికి దాని ఎల్-రూపాన్ని, మరొక భాగానికి ఎల్, డి రూపాల మిశ్రమాన్ని కలుపుతారు. ఎల్-అమైనో ఆమ్లం డి-కారకంతో కలిసిన ఉత్పన్నం, డి-అమైనో ఆమ్లం ఎల్-కారకంతో కలిసిన ఉత్పన్నానికి దర్పణ ప్రతిబింబం కనుక సాధారణ కాలమ్ మీద రెండూ ఒకే సమయానికి వస్తాయి. ఆ విధంగా మీ దగ్గర లేని రెండవ రూపం ఎప్పుడు రావలసి ఉందో మీ నమూనా నుంచే తెలిసిపోతుంది.

ఐసోల్యూసిన్‌కు, అల్లో-ఐసోల్యూసిన్‌కు మధ్య తేడా ఆల్ఫా పక్కనున్న బీటా కేంద్రంలో ఉంటుంది. సి18 కాలమ్ వాటిని వేరు చేయడంలో తరచుగా విఫలమవుతుంది. సి3 కాలమ్ ఇక్కడ ఎక్కువ ఉపయోగపడుతుంది. రెండు కేంద్రాలున్న ప్రతి అమైనో ఆమ్లానికీ నాలుగు ప్రామాణిక నమూనాలనూ నడిపిన తరువాతే నిర్ణయం రాయండి. అమైనోఐసోబ్యుటిరిక్ ఆమ్లానికి ఎల్, డి ప్రశ్నే లేదు, అయితే ఇరుకైన దాని అమైనో గుంపుతోనూ, మిథైల్ ఉన్న నత్రజనితోనూ కారకం నెమ్మదిగా చర్య జరుపుతుందని మరువకూడదు.

ఏడవ దశ: జన్యువులను అడగడం

ఒకే అమైనో ఆమ్లం అణువులో రెండు చోట్ల ఉండి, ఒకచోట ఎల్, మరొకచోట డి అయితే, జలవిశ్లేషణ ఆ నిష్పత్తిని చెబుతుంది కానీ ఏది ఎక్కడన్నది చెప్పదు. డాప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ కథ దీనికి ఉత్తమ ఉదాహరణ. 13 అమైనో ఆమ్లాల ఆ అణువులో మూడు ఆస్పార్టిక్ ఆమ్లాలు, ఒక ఆస్పరజిన్ ఉన్నాయి. జలవిశ్లేషణలో నాలుగూ ఆస్పార్టిక్ ఆమ్లంగానే బయటపడతాయి. ఆ ఆస్పరజిన్‌ను చాలాకాలం ఎల్-రూపమనే భావించారు. 2005లో స్ట్రెప్టోమైసిస్ రోసియోస్పోరస్ జన్యుసముదాయం ప్రచురితమైనప్పుడు, ఆస్పరజిన్‌ను చేర్చే ఎంజైమ్ విభాగంలోనే విన్యాసాన్ని తిప్పే ఎపిమరేజ్ భాగం కనిపించింది; ఆ తరువాత అది డి-ఆస్పరజిన్ అని స్థిరపడింది.

అందుచేత ఉత్పత్తి చేసే సూక్ష్మజీవి జన్యుక్రమం చేతిలో ఉంటే, 2011లో వెలువడిన యాంటిస్మాష్ వంటి సాధనంతో దానిని పరిశీలించండి. ప్రతి విభాగంలోనూ అమైనో ఆమ్లాన్ని ఎంచుకునే అడెనిలేషన్ భాగం ఉంటుంది. దాని గూడును ఏర్పరచే పది అమైనో ఆమ్లాలను బట్టి ఎంపికను అంచనా వేయవచ్చని స్టాకెల్‌హాస్, మరాహియేల్‌లు 1999లో చూపారు. బాక్టీరియాల విషయంలో ఈ అంచనా బాగానే నిలుస్తుంది. శిలీంధ్రాల విషయంలో దానిని అంతగా నమ్మవద్దు. నా ఉద్దేశంలో ఎంపిక అంచనా కంటే చుట్టుపక్కల ఉన్న జన్యువులు ఎక్కువ నిజం చెబుతాయి. డాప్టోమైసిన్ సముదాయంలో ట్రిప్టోఫాన్‌ను కైన్యురెనిన్ వైపు నడిపే డైఆక్సిజనేజ్, 3-మిథైల్‌గ్లుటామిక్ ఆమ్లానికి అవసరమైన మిథైల్ బదిలీ ఎంజైమ్ రెండూ ఉన్నాయి. డైహైడ్రాక్సీఫినైల్‌గ్లైసిన్‌ను తయారుచేసే నాలుగు జన్యువుల జట్టు కనిపిస్తే, అడెనిలేషన్ అంచనా ఏమన్నా సరే, ఆ అమైనో ఆమ్లం కోసం మళ్ళీ వర్ణపటాన్ని వెతకండి.

జన్యువులలో ఇటువంటి విభాగాలే లేకపోతే పెప్టైడ్ రైబోజోమ్ మీద తయారై తరువాత మార్పు చెంది ఉండవచ్చు. లాక్టోకాకస్ లాక్టిస్ తయారుచేసే 34 రెసిడ్యూల నిసిన్‌లో లాంథియోనిన్, డీహైడ్రోఅలనిన్, డీహైడ్రోబ్యుటిరిన్ ఉన్నా, అవన్నీ మొదట మామూలు సెరిన్, థ్రియోనిన్, సిస్టీన్‌లే. అటువంటప్పుడు మూల పెప్టైడ్ జన్యువును వెతికి, ప్రతి సెరిన్ దగ్గర, థ్రియోనిన్ దగ్గర నీటి అణువు పోయిందో లేదో ద్రవ్యరాశితో లెక్క కట్టడమే దగ్గరి దారి.

ఎనిమిదవ దశ: పొంతన కుదరనిచోట

మూడు సాక్ష్యాలు, అంటే శకలాల పట్టిక, ఎన్‌ఎంఆర్, మార్ఫీ ఫలితం, ఒక రెసిడ్యూ మీద ఏకీభవించకపోతే ఆ ఒక్కదాని మీదే పని చేయండి. మిథైల్ ఎక్కడినుంచి వచ్చిందో అనుమానమైతే మిథైల్ గుంపు డ్యుటీరియం గల మెథియోనిన్‌ను కల్చర్‌కు అందించి, ద్రవ్యరాశి 3 యూనిట్లు పెరుగుతుందో లేదో చూడవచ్చు. క్రమం మీద అనుమానమైతే పాక్షిక జలవిశ్లేషణ పాతబడిన పద్ధతి కాదు. 1947లో కాన్స్‌డెన్, గోర్డన్, మార్టిన్, సింజ్‌లు గ్రామిసిడిన్-ఎస్‌లో వాలిన్, ఆర్నిథిన్, ల్యూసిన్, ఫినైల్అలనిన్, ప్రోలిన్ వరుసను కాగితపు క్రోమటోగ్రఫీ మీద ఇలాంటి చిన్న ముక్కలతోనే చదివారు. విన్యాసం మీద అనుమానమైతే అవకాశమున్న ఐసోమర్లను సంశ్లేషించి, సహజ పదార్థంతో కలిపి కాలమ్ మీద నడిపి, ఒకే శిఖరంగా వస్తున్నాయో లేదో చూడడం మినహా మార్గం లేదు.

నిర్మాణాన్ని ప్రచురించేటప్పుడు ప్రతి ఆల్ఫా, బీటా కేంద్రం పక్కన అది దేని ఆధారంగా నిర్ణయమైందో రాయండి: ప్రామాణిక నమూనాతో పోల్చినదా, జన్యువును బట్టి ఊహించినదా, ఇంకా తేలనిదా అన్నది స్పష్టంగా ఉండాలి. శకలీకరణ వర్ణపటాలను జీఎన్‌పీఎస్, జన్యుసముదాయాన్ని మిబిగ్, రెసిడ్యూల క్రమాన్ని నోరిన్ అనే బహిరంగ డేటాబేస్‌లలో నమోదు చేస్తే, మీరు తేల్చలేకపోయిన కేంద్రాన్ని తరువాత వేరొకరు అదే సమాచారంతో తిరిగి పరీక్షించగలుగుతారు.